సీరం ఉంది, ఎక్కించే ధైర్యమేదీ?

ఖరీఫ్ పనులు మొదలయ్యాయంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పాముకాటు కేసుల రాక మొదలైనట్టే. చీకట్లో నీళ్లు పెట్టడానికి గట్టు మీద నడిచిన కౌలు రైతు, గడ్డివాములో చెయ్యి పెట్టిన ఇల్లాలు, చాప మీద నిద్రపోతున్న పిల్లాడు... ఎవరో ఒకరు ఆటోలోనో, బైకు మీద ఇద్దరి మధ్య కూర్చునో వస్తారు. చాలా కేంద్రాల్లో ఫ్రిజ్‌లోనో అల్మరాలోనో విరుగుడు సీరం ఉంటుంది. సెలైన్ ఉంటుంది, స్టాఫ్ నర్సు ఉంటుంది. అయినా పది నిమిషాలు తిరక్కముందే బంధువుల చేతికి రిఫరల్ చీటీ వస్తుంది. 'ఇక్కడ ఎక్కిస్తే రియాక్షన్ వస్తుంది, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి' అంటారు. అక్కడికి చేరేసరికి గంటో రెండు గంటలో పడుతుంది. కాటు వేసింది రక్తపింజరి అయితే ఈలోపు రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, మూత్రపిండాలు దెబ్బతినడం మొదలవుతుంది. కట్లపాము అయితే రెప్పలు వాలిపోతాయి, గుటక పడదు, చివరికి ఊపిరి తీసుకునే కండరాలే చచ్చుబడిపోతాయి.

సీరం రియాక్షన్ నిజం. కొన్నిసార్లు ప్రాణం మీదికి తెస్తుంది కూడా. దాన్ని తేలిక చేసి చెప్పాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కానీ ఆ రియాక్షన్‌కు మందు ఉంది. అది ఖరీదైనది కాదు, నిమిషాల్లో పనిచేస్తుంది, స్టాఫ్ నర్సు చెయ్యగలిగినంత సులువు. పాము విషానికి మాత్రం సీరం తప్ప మరో మందు లేదు. చికిత్స చెయ్యగలిగిన ప్రమాదానికి జడిసి, చికిత్స లేని ప్రమాదంలోకి మనిషిని నెడుతున్నాం. మన గ్రామీణ వైద్యంలో ఏళ్ల తరబడి సాగుతున్న ఈ పొరపాటును ఇప్పుడైనా సరిదిద్దుకోవాలి.

నష్టం ఏ స్థాయిలో ఉందో లెక్కలు చెబుతున్నాయి. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58 వేల మందని, ఇంటింటి మరణాల సర్వే ఆధారంగా పరిశోధకులు 2020లో అంచనా కట్టారు. అందులో సుమారు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. తెలంగాణ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ ఆ ఎనిమిదింటిలో ఒకటి. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు వరస కట్టినప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగం చేశారు. జనం భయం అర్థమవుతుంది. అయితే ఆ భయాన్ని తీర్చాల్సిన మొదటి చోటు ఆరోగ్య కేంద్రం. అక్కడ కూర్చున్నవాళ్లే భయపడితే ఇక చెప్పేదేముంది?

సీరం ఎందుకు పడదో తెలియాలంటే అది ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. గుర్రానికి పాము విషాన్ని తట్టుకోగలిగేంత కొద్ది మోతాదుల్లో, విడతలు విడతలుగా ఎక్కిస్తారు. దాని రక్తంలో విషాన్ని పట్టి నిర్వీర్యం చేసే యాంటీబాడీలు తయారవుతాయి. ఆ రక్తంలోని ద్రవభాగాన్ని తీసి, శుద్ధిచేసి, మనిషి నరంలోకి పంపుతారు. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ధనుర్వాతం, కంఠవాతాల మీద ఈ పద్ధతికి దారి వేశారు. కొన్నేళ్లకే ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ కాల్మెట్ నాగుపాము విషానికి సీరం తయారుచేశాడు. 1901లో వైద్యంలో ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి బేరింగ్‌కు దక్కింది. అంతలోనే ఇంకో సంగతి బయటపడింది. కంఠవాతం నుంచి కోలుకున్న పిల్లల్లో కొందరికి వారం పది రోజుల తర్వాత జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, కీళ్ల నొప్పులు వచ్చేవి. వియన్నాలో పిర్కే, షిక్ అనే పిల్లల వైద్యులు దీన్ని జాగ్రత్తగా గమనించి 1905లో పుస్తకం రాశారు. జబ్బు తగ్గించిన సీరమే ఈ కొత్త జబ్బు తెస్తోందని తేల్చారు. ఆ మరుసటి ఏడాదే పిర్కే 'అలర్జీ' అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. అంటే నేడు ఇంటింటా వినిపించే ఆ మాట పుట్టుకలోనే గుర్రం సీరం ఉంది.

గుర్రం ప్రొటీన్ మన ఒంటికి పరాయిది. పైగా తయారీ లోపాలూ ఉంటాయి. అందుకే సీరం ఎక్కినప్పుడు ఒళ్లు మూడు రకాలుగా తిరగబడుతుంది. మొదటిది వెంటనే వచ్చేది. సీరం ఎక్కడం మొదలైన కొద్ది నిమిషాల నుంచి రెండు మూడు గంటల లోపు దురద, దద్దుర్లు, వాంతి, కడుపులో మెలిపెట్టే నొప్పి, పిల్లికూతలు, బీపీ పడిపోవడం. రెండోది చలిజ్వరం. గంటా రెండు గంటల్లో పళ్లు టకటకలాడేలా వణుకు, ఆ వెంటే జ్వరం. దీనికి కారణం తయారీలో సీరంలో మిగిలిపోయిన బ్యాక్టీరియా వ్యర్థాలు. మూడోది పిర్కే చూసిన ఆలస్యపు జబ్బు. ఈ మూడింటికీ కారణం ఒకటి కాదు, మందూ ఒకటి కాదు. మన ఆసుపత్రుల్లో మాత్రం మూడింటినీ కలిపి 'రియాక్షన్' అనే ఒక్క మాటతో సరిపెడతారు. ఒంటి మీద దుప్పటి కప్పి పారాసిటమాల్ ఇవ్వాల్సిన వణుకునూ, క్షణం ఆలస్యం చెయ్యకుండా తొడకు అడ్రినలిన్ ఇవ్వాల్సిన ఆయాసాన్నీ ఒకే గాటన కట్టడం వల్లే సగం గందరగోళం.

ఇందులో చాలామంది డాక్టర్లకు కూడా పూర్తిగా పట్టుబడని విషయం ఒకటుంది. వెంటనే వచ్చే రియాక్షన్లలో ఎక్కువ భాగం మామూలు పెన్సిలిన్ అలర్జీ లాంటివి కావు. అంతకుముందు ఆ ప్రొటీన్ ఒంట్లోకి వెళ్లి ఉండనక్కర్లేదు. మొదటిసారి సీరం ఎక్కించుకున్నవాళ్లకూ వస్తాయి. అందుకే ముందుగా చర్మం కింద చుక్క మందు వేసి చూసే 'టెస్ట్ డోస్' ఇక్కడ పనికిరాదు. థాయ్‌లాండ్‌లో చేసిన పరీక్షలు ఈ మాటను 1980ల్లోనే తేల్చాయి. టెస్ట్‌లో ఏమీ రాని రోగికి సీరం ఎక్కగానే రియాక్షన్ రావచ్చు, చర్మం ఎర్రబడినవాడికి ఏమీ కాకపోవచ్చు. మన జాతీయ చికిత్సా మార్గదర్శకాలు కూడా పాము సీరానికి టెస్ట్ డోస్ వద్దని చెబుతున్నాయి. అయినా చాలా వార్డుల్లో ఇంకా వేస్తూనే ఉన్నారు. ఆ ఎదురుచూపులో పోయే సమయం సంగతి అలా ఉంచితే, ఏమీ రాలేదన్న ధీమాతో రోగి పక్క నుంచి అందరూ వెళ్లిపోవడం ఇంకా ప్రమాదం.

మరో అలవాటు, సీరం ముందు అవిల్, హైడ్రోకార్టిసోన్ ఇచ్చేసి 'కవర్ చేశాం' అనుకోవడం. దీని మీద పక్కనే ఉన్న శ్రీలంక మనకు విలువైన ఆధారం ఇచ్చింది. ఆ దేశం వాడేది భారత్‌లో తయారైన సీరమే కాబట్టి ఫలితాలు మనకు నేరుగా వర్తిస్తాయి. వెయ్యి మందికి పైగా బాధితుల మీద జరిపిన ఆ అధ్యయనం 2011లో వెలువడింది. సీరం ఎక్కినవారిలో నూటికి 75 మందికి ఏదో ఒక రియాక్షన్ వచ్చింది. అందులో 43 శాతం తీవ్రమైనవి. దాదాపు 90 శాతం మొదటి గంటలోపే కనిపించాయి. సీరానికి ముందు చర్మం కింద పావు మిల్లీలీటరు అడ్రినలిన్ ఇచ్చినవారిలో మొదటి గంటలో తీవ్ర రియాక్షన్లు 43 శాతం తగ్గాయి. అవిల్ లాంటిదే అయిన అలర్జీ మందు ప్రొమెథజైన్ వల్ల గానీ హైడ్రోకార్టిసోన్ వల్ల గానీ ముందస్తు ప్రయోజనం లేదు. పైగా హైడ్రోకార్టిసోన్ కలిపితే అడ్రినలిన్ వల్ల వచ్చిన మేలు కూడా పోయింది. మనం దశాబ్దాలుగా నమ్ముకున్న రెండు మందులూ ముందు జాగ్రత్తగా పనికిరావని, మనం భయపడే మందే కాపాడుతుందని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు? గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్న పెద్దవయసువారికి ముందస్తుగా ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్ ఆలోచించి నిర్ణయించాలి. రియాక్షన్ వచ్చాక మాత్రం ఆ తటపటాయింపుకు తావులేదు.

సీరం ఎక్కించే పని దగ్గర నుంచి చూస్తే ఎంత చేతిపనో అర్థమవుతుంది. సీరం పొడిగా గట్టి బిళ్లలా సీసా అడుగున ఉంటుంది. పది మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి సీసాను అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి. కంగారులో గబగబా కుదిపితే నురగ వస్తుంది, ప్రొటీన్ పాడవుతుంది. పది సీసాలు కరగాలంటే ఒకరి వల్ల కాదు, ఇద్దరు ముగ్గురు చేతులు కలపాలి. దాన్ని సెలైన్‌లో కలిపి నరంలోకి వదిలే ముందే ఒక సిరంజిలో అర మిల్లీలీటరు అడ్రినలిన్, అంటే అర మిల్లీగ్రాము, ఎక్కించి పేరు రాసిన ప్లాస్టర్ అంటించి మంచం పక్క ట్రేలో పెట్టాలి. పిల్లలకైతే కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున లెక్కగట్టి ఉంచుకోవాలి. రోగి మాట్లాడగలిగినప్పుడే ఉబ్బసం ఉందా, ఇంతకుముందు ఎప్పుడైనా సీరం ఎక్కించారా, బీపీకి ఏ మాత్రలు వాడుతున్నారు అని అడగాలి. ప్రొప్రనోలాల్, అటెనోలాల్ లాంటివి వాడేవారిలో అడ్రినలిన్ సరిగా పనిచెయ్యకపోవచ్చు. ఈ జవాబులు ఏవైనా, విషం ఎక్కిన లక్షణాలుంటే సీరం ఆపకూడదు. జాగ్రత్త మాత్రం పెంచాలి.

ఆ తర్వాత చొక్కా తీసి, దుప్పటి పక్కకు లాగి, రోగి పక్కనే నిలబడాలి. రియాక్షన్ ముందు చిన్నగా పలకరిస్తుంది. రోగి తల గోక్కుంటాడు, ఒక దగ్గు దగ్గుతాడు, 'అదోలా ఉందమ్మా' అంటాడు. పొట్ట మీద రెండు ఎర్రటి దద్దులు లేస్తాయి. ఆ నిమిషంలోనే డ్రిప్ ఆపి, తొడ బయటివైపు కండరంలోకి అడ్రినలిన్ ఇవ్వాలి. తగ్గకపోతే ఐదు పది నిమిషాలకు మళ్లీ ఇవ్వాలి. కాళ్లు ఎత్తి పడుకోబెట్టి సెలైన్, ఆక్సిజన్ పెట్టాలి. అవిల్, హైడ్రోకార్టిసోన్ ఆ తర్వాత సంగతి. రోగి తేరుకున్నాక సీరాన్ని మళ్లీ మొదలుపెట్టాలి. ముందు పది పదిహేను నిమిషాలు మెల్లగా, ఆపైన మామూలు వేగంతో. చాలాచోట్ల తప్పు జరిగేది ఈ చివరి మెట్టు దగ్గరే. రియాక్షన్ వచ్చింది కదా అని సీరం ఆపేసి 'ఈ మనిషికి పడదు' అని రాసి పంపిస్తారు. విషం ఒంట్లోనే ఉండిపోతుంది.

అసలు అవసరం లేనివాడికి సీరం ఎక్కించడం కూడా అంతే తప్పు. కాటు వేసిన పాములన్నీ విషపువి కావు. విషపాము కూడా ఒక్కోసారి విషం దింపకుండా పొడి కాటు వేస్తుంది. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి వంచి చూస్తే, గడ్డకట్టిందో లేదో తెలిసిపోతుంది. కరెంటు అక్కర్లేని పరీక్ష ఇది. రక్తం గడ్డకట్టకపోయినా, రెప్పలు వాలుతున్నా, వాపు వేగంగా పైకి పాకుతున్నా సీరం కావాలి. ఇవేవీ లేకపోతే 24 గంటలు కనిపెట్టి చూడాలి. బంధువులు పట్టుబట్టారని ఎక్కించిన సీరం వల్ల లాభం లేదు, రియాక్షన్ మాత్రం మిగులుతుంది.

భయానికి మూలం వైద్యశాస్త్రంలో కన్నా మన వ్యవస్థలో ఎక్కువ ఉంది. ఎంబీబీఎస్ ముగించి ఏడాది కాని డ్యూటీ డాక్టర్ రాత్రి ఒంటరిగా సీరం ఎక్కిస్తాడు. రియాక్షన్ వచ్చి రోగి పోతే బంధువులు అద్దాలు పగలగొడతారు, పేపర్లో వార్త వస్తుంది, విచారణ జరుగుతుంది. అదే రోగి రిఫర్ చేశాక 108 వాహనంలో పోతే ఎవరూ ఏమీ అడగరు. 'ఆలస్యంగా తెచ్చారు' అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. పనిచేసినవాడికి శిక్ష, తప్పించుకున్నవాడికి రక్షణ ఉన్నచోట ధైర్యం చెయ్యమని ఎంతమందికి ఉపదేశిస్తాం? అందుకే లెక్క అడిగే పద్ధతి మారాలి. విష లక్షణాలున్న రోగిని మొదటి మోతాదు ఎక్కించకుండా ఎందుకు పంపారు అని ప్రతి రిఫరల్ మీదా ప్రశ్న రావాలి. మార్గదర్శకాల ప్రకారం చికిత్స చేసిన డాక్టర్‌కు జిల్లా వైద్యాధికారి బహిరంగంగా అండగా నిలవాలి. రిఫర్ చెయ్యడమే తప్పని ఎవరూ అనరు. కట్లపాము కాటుకు వెంటిలేటర్, రక్తపింజరి కాటుకు డయాలిసిస్ కావలసి రావచ్చు. సీరం మొదలుపెట్టి, రోగిని కుదుటపరిచి, తోడుగా నర్సునూ సిద్ధం చేసిన సిరంజినీ ఇచ్చి పంపాలన్నదే మాట.

2024లో కేంద్రం పాముకాటుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలన్నది లక్ష్యం. పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జాబితాలో చేర్చమని రాష్ట్రాలను కోరింది. మంచిదే. ఆ నమోదు పత్రంలో 'కాటుకూ మొదటి సీరానికీ మధ్య ఎన్ని నిమిషాలు', 'రియాక్షన్ వచ్చిందా, ఎన్ని నిమిషాలకు అడ్రినలిన్ ఇచ్చారు' అన్న రెండు గడులు కూడా ఉంటేనే లోపం ఎక్కడుందో బయటపడుతుంది.

కుక్కకాటు విషయంలోనూ ఇదే కథ. లోతైన గాయానికి టీకాతో పాటు గాయంలోనే రేబిస్ సీరం ఎక్కించాలి. గుర్రం సీరం కిలో బరువుకు 40 యూనిట్లు, మనిషి రక్తం నుంచి తీసినది 20 యూనిట్లు. ఇప్పటి గుర్రం సీరం బాగా శుద్ధి చేసినది. దానికి ముందు చర్మ పరీక్ష అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. అయినా 'గుర్రానిది పడదు, మనిషిది బయట కొనుక్కురండి' అంటే కూలివాడు వేల రూపాయలు ఎక్కడ తెస్తాడు? టీకా మాత్రం వేయించుకుని ఇంటికి వెళ్తాడు. రేబిస్ వచ్చాక బతికించడం దాదాపు అసాధ్యం.

డాక్టర్ చేతిలో లేని భాగం కూడా ఉంది. రక్తపింజరి ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం దింపుతుంది. మన సీరం ఒక్కో సీసా 6 మిల్లీగ్రాముల రక్తపింజరి విషాన్ని మాత్రమే విరుస్తుంది. మొదటి మోతాదు ఎనిమిది నుంచి పది సీసాలు అనడం ఈ లెక్క నుంచే వచ్చింది. పసిపిల్లలకూ అంతే ఇవ్వాలి, ఎందుకంటే పాము మనిషి సైజు చూసి విషం తగ్గించదు. సీరంలో బలం తక్కువైన కొద్దీ సీసాలు పెరుగుతాయి, సీసాలు పెరిగిన కొద్దీ ఒంట్లోకి వెళ్లే గుర్రం ప్రొటీన్ పెరుగుతుంది, రియాక్షన్లూ పెరుగుతాయి. దేశంలో సీరం తయారీకి విషం ప్రధానంగా తమిళనాడులోని ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది. ఆ సంఘం చేసింది చిన్న సేవ కాదు. కానీ ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగళూరు ఐఐఎస్సీ పరిశోధకులు పదేపదే చూపించారు. హైదరాబాద్ కేంద్రంగానే సీరం తయారీ కంపెనీ ఉన్నప్పుడు, కృష్ణా డెల్టా పాముల మీద, తెలంగాణ పాముల మీద ఆ సీరం ఎంత పనిచేస్తుందో పరీక్షించమని రెండు ప్రభుత్వాలు అడగలేవా? టెండర్లో ధర ఒక్కటే చూడడం మాని బలాన్నీ శుద్ధినీ చూడలేవా?

శుద్ధి సంగతి వార్డులోనే తెలిసిపోతుంది. ఒకే బ్యాచ్ సీరం ఎక్కించిన ముగ్గురు నలుగురికి వరసగా వణుకు వచ్చిందంటే అనుమానించాల్సింది ఆ బ్యాచ్‌నే. ఆ నంబరు కేస్ షీటులో రాయకపోతే ఆ అనుమానం వార్డు గోడ దాటదు. మందుల దుష్ఫలితాలు నమోదు చేయడానికి 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం ఇప్పుడు ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఆధ్వర్యంలో నడుస్తోంది. 1800-180-3024కు ఎవరైనా ఫోన్ చేసి చెప్పవచ్చు. రోగి బంధువైనా సరే.

ఇక మూడో రకం రియాక్షన్. దీన్ని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే అది వచ్చేసరికి రోగి ఆసుపత్రిలో ఉండడు. ప్రాణం దక్కిందని సంతోషంగా ఇంటికి వెళ్లిన వారానికి జ్వరం వస్తుంది. ఒళ్లు దురద, కీళ్లు పట్టేయడం, మెడలో బిళ్లలు. అది వానాకాలం. ఊళ్లో ఆర్ఎంపీ చికున్‌గున్యా అంటాడు, పట్నంలో ల్యాబు డెంగీ పరీక్ష చేస్తుంది, ఇంటిపెద్దలు 'విషం ఇంకా దిగలేదు' అని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తారు. చేతిలో డబ్బు ఉన్నంతవరకు తిరుగుతారు. నిజానికి ఇది సీరం వల్ల వచ్చే జబ్బు. ఐదు రోజుల ప్రెడ్నిసొలోన్ మాత్రలు, దురదకు అలర్జీ మాత్రలతో ఎక్కువమందికి తగ్గిపోతుంది. డిశ్చార్జి చీటీ వెనక స్టాఫ్ నర్సు తెలుగులో నాలుగు ముక్కలు రాసిస్తే ఈ తిరుగుడంతా తప్పుతుంది: ఏ తేదీన ఎన్ని సీసాల సీరం, ఏ బ్యాచ్, ఎక్కించేటప్పుడు రియాక్షన్ వచ్చిందా, రెండు వారాల లోపు జ్వరం, దద్దుర్లు, కీళ్ల నొప్పులు వస్తే ఈ చీటీ తీసుకుని ఇక్కడికే రండి, ఇంకోసారి పాము కరిస్తే ఈ చీటీ చూపించండి, సీరం వద్దని మాత్రం అనకండి.